చిన్న ఆపరేషన్ తర్వాత ముప్పై రోజులు

(హనుమకొండలో వైద్య సిబ్బంది, పౌరులు కలిసి హాజరైన సభలో ఒక సర్జన్ చేసిన ప్రసంగ పాఠం)

నర్సింగ్ సిబ్బందికి, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్లకు, ఏఎన్ఎమ్‌లకు, ఆశా కార్యకర్తలకు, పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు నుంచి శ్రమ తీసుకొని వచ్చిన ఆర్ఎంపీలకు, రోగుల కుటుంబాల నుంచి వచ్చిన పెద్దలకు నమస్కారం.

ఈరోజు నేను గుండె, మెదడు ఆపరేషన్ల గురించి మాట్లాడను. మన జిల్లాల్లో రోజూ జరిగే వాటి గురించే మాట్లాడతాను. చీముగడ్డ కోయడం, కొవ్వుగడ్డ తీయడం, హెర్నియా, వరిబీజం, మొలలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, కంటి శుక్లం, పన్ను పీకడం, ఎండోస్కోపీ, ముక్క పరీక్ష, ఇవన్నీ పొద్దున వచ్చి సాయంత్రానికో మరునాటికో ఇంటికి వెళ్లిపోయే చికిత్సలు, పరీక్షలు. "చిన్న ఆపరేషనే కదా సార్, ఎల్లుండి నాటుకు పోవచ్చునా?" అని అడిగే రోగులు నా గదికి ఏటా వానాకాలంలో వస్తూనే ఉంటారు. వాళ్ల ప్రశ్నలో తప్పు లేదు. ఇంటికి పంపించిన రోజే పని అయిపోయిందని అనుకునే అలవాటు ముందుగా మాకు, అంటే వైద్యులకే ఉంది.

కోత దగ్గర వచ్చే ఇన్‌ఫెక్షన్ సాధారణంగా ఆపరేషన్ బల్ల మీద కనిపించదు. ఐదో రోజునో, పదో రోజునో, కొన్నిసార్లు నెల దాటాకో బయటపడుతుంది. అందుకే ఆపరేషన్ జరిగిన 30 రోజుల లోపు కోత దగ్గర వచ్చిన ఇన్‌ఫెక్షన్‌ను ఆ ఆపరేషన్ ఖాతాలోనే రాయాలని, హెర్నియాలో మెష్ (లోపల కుట్టే వల) లాంటి వస్తువును శరీరంలో ఉంచినప్పుడు లోతుగా వచ్చే ఇన్‌ఫెక్షన్‌కు 90 రోజుల వరకు చూడాలని ప్రపంచమంతటా ఒప్పుకున్న నిర్వచనం చెబుతోంది. మరి ఒకే రోజులో ఇంటికి పంపించిన రోగిని ముప్పయ్యో రోజున ఎవరు చూస్తున్నారు? చీము పట్టిన రోగి చాలాసార్లు మా దగ్గరికి తిరిగి రాడు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తాడు, మెడికల్ షాపులో గోళీలు కొనుక్కుంటాడు, లేదంటే పట్నంలో మరో ఆసుపత్రికి వెళ్తాడు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రిజిస్టరులో మాత్రం ఆ కేసు విజయవంతమైన కేసుగానే మిగిలిపోతుంది. ఈ లెక్క తప్పడం వల్లనే మన చిన్న ఆపరేషన్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గడం లేదని నా నమ్మకం. ఈ సభలో నేను చెప్పదలచుకున్నది అదే.

లెక్క పెడితే ఇన్‌ఫెక్షన్ ఎలా తగ్గుతుందని మీకు సందేహం రావచ్చు. కెనడాలోని కాల్గరీ నగరంలో క్రూజ్, ఫోర్డ్ అనే ఇద్దరు పదేళ్ల పాటు 62,939 ఆపరేషన్ గాయాలను పరిశీలించి 1980లో ఫలితాలు ప్రకటించారు. గాయాలను చూడడానికి ప్రత్యేకంగా ఒక నర్సును పెట్టారు, రోగి ఇంటికి వెళ్లాక కూడా గాయం సంగతి కనుక్కున్నారు, శుభ్రమైన గాయాల్లో ఎన్ని చీము పట్టాయో ఎప్పటికప్పుడు సర్జన్లకు తెలియజేశారు. కొత్త మందు ఏదీ ఇవ్వకుండానే, తమ లెక్క తమ చేతికి అందినందువల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గుముఖం పట్టాయి. ఆపరేషన్‌కు ముందు బ్లేడుతో వెంట్రుకలు గీయడం మేలు చేయకపోగా కీడు చేస్తుందని ఆ లెక్కలోనే తేలింది. గీసినవారిలో నూటికి రెండున్నర దాకా గాయాలు చీము పడితే, వెంట్రుకలను ముట్టుకోని వారిలో నూటికి ఒకటి కంటే తక్కువే పడ్డాయి. బ్లేడు చేసే కంటికి కనిపించని గాట్లలో క్రిములు పెరగడమే దానికి కారణం. ఇది తెలిసి ఇన్ని దశాబ్దాలు గడిచినా, వరిబీజం ఆపరేషన్‌కు వచ్చిన మనిషిని ముందురోజు రాత్రే బ్లేడుతో గీయించుకొని రమ్మని చెప్పే చోట్లు మన మధ్య ఇంకా ఉన్నాయి. ఆ తర్వాత అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన ఒకటి 1985లో వెలువడింది. ఇన్‌ఫెక్షన్లను లెక్కించి, నివారణ చర్యలు గట్టిగా అమలు చేసిన ఆసుపత్రులలో అవి మూడో వంతు దాకా తగ్గాయని అందులో తేలింది.

మన రాష్ట్రంలో జరిగిన ఒక విషాదాన్ని ఇక్కడ గుర్తు చేయక తప్పదు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో 34 మంది మహిళలకు డీపీఎల్ అనే పద్ధతిలో కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లు చేశారు. పొట్ట మీద రెండు చిన్న రంధ్రాలతో అయిపోయే ఆపరేషన్ అది. ఇంటికి వెళ్లిన కొద్ది రోజుల్లోనే వాళ్లలో నలుగురు చనిపోయారు, మిగిలినవారిని హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రులకు తరలించి చికిత్స చేయాల్సి వచ్చింది. విచారణలో ఇన్‌ఫెక్షనే కారణమని తేలింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో కొన్ని గంటల వ్యవధిలో 83 మందికి ఆపరేషన్లు చేస్తే పది మందికి పైగా మరణించారు. కు.ని. ఆపరేషన్ల శిబిరాలను మూడేళ్లలో నిలిపివేయాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఆదేశించడానికి అలాంటి మరణాలే నేపథ్యం.

ఆ మరణాలలో ఎవరి తప్పు ఎంత అన్న చర్చలోకి నేను వెళ్లను. ఆశా కార్యకర్తలు గుర్తు పెట్టుకోవలసిన విషయం మాత్రం ఒకటుంది. కొన్ని క్రిములు విడుదల చేసే విషపదార్థాల వల్ల వచ్చే ప్రాణాంతక స్థితి చీముతో మొదలు కాదు. కోత పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. వాంతులు, విరేచనాలు, చలిజ్వరం, కళ్లు తిరగడం, మూత్రం తగ్గడం ముందుగా వస్తాయి. ఇంట్లోవాళ్లు తిన్నది పడలేదని అనుకొని ఓఆర్ఎస్ పాకెట్ తాగించి పడుకోబెడతారు. ఏ ఆపరేషన్ అయినా సరే, తర్వాతి నాలుగైదు రోజుల్లో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ఆ రాత్రికి ఆగుదామని అనుకోవద్దు. వెంటనే ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేయాలి, 108కి ఫోన్ చేయాలి.

ఇక పరికరాల విషయం. నేను ఎక్కువ సమయం తీసుకునేది దీని మీదనే, ఎందుకంటే చిన్న ఆపరేషన్ల ఇన్‌ఫెక్షన్లలో చాలా భాగం కత్తి పట్టిన చేతి కంటే పరికరాలు కడిగిన గదిలోనే నిర్ణయమవుతుంది. ఒక ఆర్టరీ ఫోర్సెప్స్‌ను (రక్తనాళాన్ని పట్టి ఉంచే పటకారును) చేతిలోకి తీసుకొని దాని కీలును వెలుతురులో చూడండి. రెండు రెక్కలు కలిసే ఆ సందులో ఎండిన రక్తం ఒక సన్నని గోధుమరంగు గీతలా కనిపిస్తే, ఆ ఫోర్సెప్స్‌ను ఎంతసేపు ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో, ఉంచినా దాన్ని నమ్మలేము, ఎండిన రక్తం కింద దాగిన క్రిమికి ఆవిరి సరిగా తగలదు కాబట్టి. పరికరాన్ని వాడిన వెంటనే తడి ఆరకముందే నానబెట్టి, కీళ్లు తెరిచి, మెత్తని బ్రష్‌తో రుద్ది కడిగిన తర్వాతే స్టెరిలైజ్ చేయడం మొదలవుతుంది. మూట కట్టిన సామగ్రికి సాధారణ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు పట్టాలి. మూటకు అంటించిన టేపు మీద నల్ల గీతలు వచ్చినంత మాత్రాన లోపలి క్రిములు చచ్చినట్టు కాదు, ఆ మూట వేడికి గురైందని మాత్రమే టేపు చెబుతుంది. లోపల ఏం జరిగిందో తెలియాలంటే ఎంతో వేడిని తట్టుకునే జియోబాసిల్లస్ అనే క్రిమి స్పోర్లతో (గట్టి పెంకులో ముడుచుకున్న క్రిమి రూపాలతో) తయారైన బయోలాజికల్ ఇండికేటర్‌ను క్రమం తప్పకుండా పెట్టి చూడాలి. కొన్ని చోట్ల ఇప్పటికీ పరికరాలను స్టీలు డబ్బాలో నీళ్లు పోసి మరిగించి వాడుతున్నారు. మరిగే నీటికి స్పోర్లు చావవు.

ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) పరికరాల్లో కొన్ని వేడిని తట్టుకోలేవు గనుక వాటిని రెండు శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో ముంచుతారు. ఇరవై నిమిషాలు ముంచితే చాలా రకాల క్రిములు చస్తాయి. స్పోర్లు చావాలంటే మాత్రం పది గంటలు పడుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరుసగా కేసులున్న రోజున పది గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? అంతటితో ఆగదు. ద్రావణం నుంచి తీసిన పరికరాన్ని కడగడానికి వాడే నీళ్లు ఇంటి పైకప్పు మీది ట్యాంకు నుంచి వచ్చిన కుళాయి నీళ్లయితే, అప్పటిదాకా చేసిన పనంతా వృథా. మట్టిలో, నీళ్లలో సహజంగా బతికే మైకోబాక్టీరియాలు కొన్ని, అంటే క్షయ క్రిమికి దూరపు బంధువులు, గ్లూటరాల్డిహైడ్‌ను కూడా తట్టుకోగలవు.

ఈ క్రిములు చేసే హాని వింతగా ఉంటుంది. పిత్తాశయంలో రాళ్లకు ల్యాప్రోస్కోపీ చేయించుకున్న ఒక గృహిణి ఆరు వారాల తర్వాత నా దగ్గరికి వచ్చింది. కుట్లు విప్పినప్పుడు అన్నీ చక్కగా మానాయి. నెల దాటాక బొడ్డు దగ్గరి మచ్చ కింద చిక్కుడు గింజంత గట్టి ముద్ద తేలింది. దాని మీద చర్మం ఊదా రంగుకు తిరిగి, మధ్యలో సూదిమొన అంత రంధ్రం నుంచి పలచని నీరులాంటి చీము వస్తోంది. జ్వరం లేదు, పెద్దగా నొప్పి లేదు. ఆమె సంచిలో నాలుగు రకాల యాంటీబయాటిక్ గోళీల పట్టీలు ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కొక్కరు రాసినవి. ఏదీ పని చేయలేదు, చేయదు కూడా, ఎందుకంటే ఈ క్రిమికి క్లారిత్రోమైసిన్ లాంటి మందులను కలిపి నెలల తరబడి వాడాలి, కొన్నిసార్లు ఆ ముద్దను కోసి తీసేయాలి. చీమును మామూలు కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) పంపితే రెండు రోజుల్లో "క్రిములు లేవు" అని రిపోర్టు వస్తుంది. మైకోబాక్టీరియా కల్చర్ అని ప్రత్యేకంగా అడగాలి. మూడు వారాల నుంచి రెండు నెలల మధ్య మచ్చ కింద ముద్ద తేలితే ఇది గుర్తుకు రావాలి. ఒకే చోట ఆపరేషన్ అయిన ఇద్దరికి ఇలా వస్తే ఆ చోట పరికరాలు కడిగే నీటిని పరీక్షించాలి. కానీ ఆ ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో వేర్వేరు వైద్యుల దగ్గరికి వెళ్లిపోతే ఆ సంబంధం ఎవరు కలుపుతారు?

ఇంజెక్షన్ గురించి కొద్దిగా. లిగ్నోకైన్ అనే మత్తుమందు బాటిల్ రబ్బరు మూతకు ఒక సూదిని గుచ్చి రోజంతా అలాగే వదిలేసి, కుట్లు వేయాల్సిన ప్రతి రోగికీ అందులోంచే మందు తీయడం ఎక్కడ కనిపించినా అక్కడే ఆపండి. ఆ సూది బాటిల్‌లోకి బయటి గాలికి, క్రిములకు తెరిచిన తలుపు. పొద్దుననే స్పిరిట్‌లో ముంచి డబ్బాలో పెట్టిన దూది కూడా అంతే. గుజరాత్‌లోని మోడాసాలో 2009లో హెపటైటిస్ బి విజృంభించి పదుల మంది చనిపోవడానికి వాడిన సిరంజిలను మళ్లీ వాడడమే కారణంగా బయటపడింది. హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తంలో ఏడు రోజుల దాకా బతుకుతుంది. ఈ సభలో ఉన్న థియేటర్ సిబ్బందిలో హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకోని వారు ఎవరైనా ఉంటే, దయచేసి ఈ వారమే మొదలుపెట్టండి.

రోగ నిర్ధారణ పరీక్షల విషయానికి వస్తే, ప్రజల భయం ఒకవైపు, అసలు ప్రమాదం మరొకవైపు ఉన్నాయి. గడ్డకు సూది గుచ్చితే కేన్సర్ ఒళ్లంతా పాకుతుందని భయపడి ఆరు నెలలు పసరు కట్లు కట్టించుకొని, రొమ్ములో గడ్డ చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చాక వచ్చే తల్లులను చూసినప్పుడు నాకు చాలా బాధ కలుగుతుంది. సూది దారిలో కేన్సర్ కణాలు పాకడం చాలా అరుదు. రొమ్ము, థైరాయిడ్ గడ్డల ఎఫ్ఎన్ఏసీలో (సన్నని సూదితో కణాలు తీసి చూసే పరీక్షలో) ఇన్‌ఫెక్షన్ కూడా అరుదే. ఊపిరితిత్తి నుంచి ముక్క తీసినప్పుడు గాలి లీకై ఊపిరితిత్తి ముడుచుకుపోతుందేమోనని, కాలేయం నుంచి తీసినప్పుడు రక్తస్రావం అవుతుందేమోనని కొన్ని గంటలు కనిపెట్టుకొని ఉంటాం. పెద్దపేగు పరీక్షలో పేగుకు రంధ్రం పడడం వెయ్యికి ఒకటి కంటే తక్కువ.

ఇన్‌ఫెక్షన్ భయం నిజంగా ఉన్న పరీక్ష ప్రోస్టేట్ గ్రంథి ముక్క తీయడం. సూది మలద్వారం గోడ గుండా వెళ్తుంది కనుక పేగులోని క్రిములు గ్రంథిలోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరే వీలుంది. పూర్వం సిప్రోఫ్లాక్సాసిన్ గోళీ ఇస్తే చాలనుకునేవారు. ఇప్పుడు మన దేశంలో పేగు క్రిములు ఆ మందుకు చాలామందిలో లొంగడం లేదు. పరీక్ష అయిన ఒకటి రెండు రోజుల్లో చలితో జ్వరం వస్తే పెద్దాయన ఇంట్లో కప్పుకొని పడుకోకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి రావాలి. మలద్వారం గుండా కాకుండా దాని ముందున్న చర్మం గుండా సూది వేసే పద్ధతిలో ఈ ముప్పు తక్కువని కనిపిస్తోంది, వీలున్నచోట అది అడగండి. పిత్తనాళాలకు వాడే ప్రత్యేక ఎండోస్కోపు కొనలో కదిలే చిన్న భాగం ఒకటుంది. దాని సందులు కడగడం ఎంత కష్టమంటే, 2015లో అమెరికాలో పేరున్న ఆసుపత్రులలోనే దాని ద్వారా మందులకు లొంగని క్రిములు ఒక రోగి నుంచి మరో రోగికి పాకాయి. సామగ్రి పుష్కలంగా ఉన్న ఆసుపత్రులకే ఆ ప్రమాదం తప్పలేదు.

కంటి శుక్లం ఆపరేషన్ విషయంలో మంచి మాట ఒకటి చెప్పాలి. మదురై కేంద్రంగా నడిచే అరవింద్ కంటి ఆసుపత్రుల్లో ఆరు లక్షలకు పైగా కళ్ల లెక్క తీస్తే, ఆపరేషన్ చివర్లో కంటి లోపల మాక్సీఫ్లాక్సాసిన్ మందు వేసినప్పుడు లోపలి ఇన్‌ఫెక్షన్ 0.07 శాతం నుంచి 0.02 శాతానికి తగ్గింది. ఇంత చిన్న తేడాను కనిపెట్టగలిగింది ప్రతి కన్నునూ లెక్కపెట్టినందువల్లనే. ఆపరేషన్ అయిన వారంలో కన్ను ఎర్రబడి, నొప్పి పెరిగి, చూపు మసకబారితే గంటలు కూడా విలువైనవే.

రోగులు, ఇంటివాళ్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. "పప్పు తింటే చీము పడ్తదట సార్" అన్న మాట ఈ జిల్లాల్లో ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. పప్పు, గుడ్డు, మాంసం వల్ల చీము పట్టదు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. నెల రోజులు చారు అన్నంతో పథ్యం చేయించిన రోగి గాయం ఆలస్యంగా మానడం నేను చూస్తూనే ఉన్నాను. మామూలు శుభ్రమైన కోతకు రెండు రోజుల తర్వాత శుభ్రమైన నీళ్లు తగిలితే ప్రమాదం లేదు. పొలంలోని బురద నీరు మాత్రం వేరు. కుట్లు ఉండగా మడిలో దిగవద్దు. గాయానికి పసుపు, బూడిద, పసరు ఏదీ పెట్టవద్దు. షుగరు ఉన్నవాళ్లు ఆపరేషన్ సమయంలో, ఆ తర్వాత 200 దాటకుండా చూసుకోవాలి. బీడీ తాగేవాళ్లు, కోతకు కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి. మన ప్రాంతంలో బీడీలు చుట్టి బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయని తెలిసే ఈ మాట చెబుతున్నాను.

యాంటీబయాటిక్ గురించి రోగులే ఎక్కువ పట్టుబడతారు. కొవ్వుగడ్డ తీసిన శుభ్రమైన కోతకు ఐదు రోజుల గోళీలు అవసరం లేదు. అవసరమున్న ఆపరేషన్లలో కూడా కోతకు ముందు రెండు గంటల లోపు ఒక డోసు ఇవ్వాలని, ఆపరేషన్ అయ్యాక కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్పష్టంగా చెప్పింది. మురికి పరికరానికి మందు చీటీ విరుగుడు కాదు.

ఆర్ఎంపీ సోదరులతో ఒక మాట. కోత పెట్టే అధికారం చట్టం మీకు ఇవ్వలేదు. ముఖం మీద, మెడ మీద, మలద్వారం పక్కన గడ్డలను మీ గదిలో కోయవద్దు. అయితే చీము పట్టిన గాయాన్ని మాకంటే ముందుగా చూసేది మీరే. ఆరో రోజున మీ దగ్గరికి వచ్చిన రోగికి రెండు రోజుల గోళీలిచ్చి పంపించకుండా, అతని డిశ్చార్జ్ చీటీ మీది నంబరుకు మీ ఎదుటే ఫోన్ చేయించండి. ఆ ఫోన్ మీద విసుక్కునే వైద్యుడు ఉంటే అది మా వైపు దిద్దుకోవలసిన లోపం.

ఆసుపత్రుల వారిని, క్లినిక్‌ల వారిని నేను అడిగేది ఒక రిజిస్టరు. కంప్యూటరు అవసరం లేదు, పొడుగు నోటుబుక్కు చాలు. రోగి పేరు, ఊరు, రెండు ఫోన్ నంబర్లు, ఏ ఆపరేషన్ లేదా పరీక్ష, తేదీ, చేసినవారు, ఆ రోజు వాడిన పరికరాల ఆటోక్లేవ్ బ్యాచ్ నంబరు. మూడో రోజున, ఏడో రోజున, ముప్పయ్యో రోజున ఒక నర్సు ఫోన్ చేయాలి. మెష్ పెట్టిన వారికి తొంభయ్యో రోజున మరొకసారి. జ్వరం వచ్చిందా, నొప్పి తగ్గుతూ వచ్చి మళ్లీ పెరిగిందా, కోత దగ్గర ఎర్రదనం, వాపు, చీము, నీరు ఏమైనా ఉన్నాయా అని అడగాలి. చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం: "ఇంకెక్కడైనా చూపించుకున్నారా, ఏమైనా గోళీలు వాడారా?" మాకు చెప్పకుండా దాచిన చీము ఈ ప్రశ్నకే బయటపడుతుంది. అనుమానం ఉంటే గాయం ఫొటో తీసి పంపించమనాలి. ఫోన్ లేని ఇళ్లకు, ఏటూరునాగారం, తాడ్వాయి వైపు సిగ్నల్ దొరకని గూడేలకు ఆశా కార్యకర్త వెళ్లి చూసి రావాలి. ఆ పని ఆమె భత్యంలో చేరాలని కూడా నేను కోరుతున్నాను.

నెలకు నలభై చిన్న ఆపరేషన్లు చేసే చోట ఒక గాయం చీము పడితే అది యాదృచ్ఛికం కావచ్చు, దాని మీద ఎవరినీ నిందించనక్కరలేదు. ఒకే వారంలో రెండు పడితే, ఆ రెండింటికీ బ్యాచ్ నంబరు ఒకటేనా, గది ఒకటేనా, కడిగిన నీళ్లు ఒకటేనా అని ఆ రోజే చూడాలి. నెలాఖరున ఆ పుట జిరాక్సు తీసి సర్జన్ చేతికి, థియేటర్ నర్సు చేతికి, పరికరాలు కడిగే ఆయా చేతికి కూడా ఇవ్వాలి, అందులో ఏముందో ఆమెకు చదివి వినిపించాలి. మీలో ఎవరైనా వచ్చే నెల నుంచే మొదలు పెట్టదలిస్తే గడులు గీసిన నమూనా పుట బయట బల్ల మీద ఉంది, తీసుకొని వెళ్లండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.